ముప్పై మూడు పాటలూ ఉండాల్సిందే

"పన్నెండు పాటలుంచి మిగతా ఇరవై ఒకటీ తీసేస్తే మంచి ఆల్బమేరా" అన్నాడు మా బావ.

ఆచంట దగ్గర ఆయన రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నాం. రాత్రి పదకొండు దాటింది. ఏరేటర్లు తిరుగుతున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ టైముకి కరెంటు పోతే పంట మొత్తం పోయినట్టే. అందుకని చెరువు దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. నిద్ర రాకుండా బావ పాటలు పెట్టుకుంటాడు. ఆ రాత్రి పెట్టింది స్మాషింగ్ పంప్‌కిన్స్ వాళ్ల 'ఆటమ్'.

ఈ మాట బావ ఒక్కడే అనడం లేదు. 2023 మే 5న ఆ ఆల్బమ్ పూర్తిగా బయటికొచ్చిన దగ్గర్నుంచీ, ఆ బ్యాండ్‌ని అభిమానించే నా స్నేహితుల్లో చాలామంది ఇదే అంటున్నారు. కొందరు మాత్రం ఆ బ్యాండ్ ఇన్నేళ్లలో చేసిన అతి పెద్ద సాహసం ఇదే అంటారు. ఇంకొందరు మొదటి భాగంలో నాలుగో పాట దగ్గరే దిగిపోయారు. ఒకే బ్యాండ్‌ని ఇరవై అయిదేళ్లకు పైగా కలిసి విన్నవాళ్లం ఒక్క ఆల్బమ్ దగ్గర ఇలా విడిపోవడం నాకు బాధగానే ఉంది. ఆ రాత్రి బావకి సరిగ్గా చెప్పలేకపోయిందేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందు తెలియనివాళ్ల కోసం కొంచెం. స్మాషింగ్ పంప్‌కిన్స్ షికాగోలో 1988లో మొదలైన బ్యాండ్. పాటలు రాసేది, పాడేది బిల్లీ కోర్గన్. 1995 అక్టోబరులో 'మెలన్ కోలీ అండ్ ది ఇన్‌ఫినిట్ శాడ్‌నెస్' అని రెండు డిస్కుల ఆల్బమ్ తెచ్చారు. ఇరవై ఎనిమిది పాటలు, రెండు గంటల నిడివి. అమెరికా చార్టులో నేరుగా మొదటి స్థానంలో దిగింది. 2000లో 'మషీనా' వచ్చింది. 'ఆటమ్' ఆ రెండింటికీ కొనసాగింపు అని కోర్గన్ ముందే చెప్పాడు. మొదటి ఆల్బమ్‌లో జీరో, రెండో దాంట్లో గ్లాస్ అనే పేర్లతో ఉన్న మనిషే ఇక్కడ షైనీ. భూమికి దూరంగా, అంతరిక్షంలో ఒంటరిగా బహిష్కరణలో ఉన్నాడు. మూడు అంకాలు, అంకానికి పదకొండు పాటలు. మొదటి అంకం 2022 నవంబరు 15న, రెండోది 2023 జనవరి 31న ఇచ్చారు. మూడోదాంతో కలిపి మొత్తం మే నెలలో వచ్చింది. రాక్ ఒపేరా, అంటే పాటలతోనే కథ నడిపే రాక్ ఆల్బమ్ అని పేరులోనే పెట్టుకున్నారు. పేరుని మాత్రం ఇంగ్లీషులో శరదృతువుకి వాడే మాటలాగే పలకాలి.

బావ నాకు మేనత్త కొడుకు. తర్వాత మా అక్కని చేసుకున్నాడు. కాకినాడలో ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. 'మెలన్ కోలీ' మా చేతికి వచ్చింది అప్పుడే. సీనియర్ ఒకాయన దగ్గర అసలు క్యాసెట్లు ఉండేవి. ఒక్క రాత్రికి ఇచ్చాడు. రికార్డింగ్ సెంటర్లో కాపీ చేయించుకోవాలంటే మా దగ్గర డబ్బులు ఒక్క ఖాళీ క్యాసెట్టుకే ఉన్నాయి. తొంభై నిమిషాలది. రెండు గంటల ఆల్బమ్ అందులో పట్టదు.

ఏ పాటలు వదిలెయ్యాలా అని షాపు ముందు నిలబడి కాగితం మీద లెక్క వేసుకున్నాం. పొడుగు పాటలు తీసేస్తే ఎక్కువ పాటలు పడతాయన్నాడు బావ. అది మంచి లెక్కే. 'పోర్సెలీనా ఆఫ్ ది వాస్ట్ ఓషన్స్' తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది. దాన్ని ముందు కొట్టేశాం. తర్వాత 'త్రూ ది ఐస్ ఆఫ్ రూబీ', అది ఏడున్నర. ఇంకో అయిదారు చిన్నవి కూడా పోయాయి. మిగిలినవాటితో క్యాసెట్టు నిండింది. ఆ క్యాసెట్టునే మూడేళ్లు విన్నాం. రీలు సాగిపోయి కోర్గన్ గొంతు కిందికి జారినట్టు వినపడేదాకా విన్నాం.

ఇప్పుడు బావ "పాత ఆల్బమ్‌లో ఒక్క పాట కూడా వృథా లేదు, ఇందులో చూడు ఎంత చెత్త ఉందో" అంటే నాకు ఆ రికార్డింగ్ షాపే గుర్తొస్తుంది. బావ మనసులో ఉన్న పాత ఆల్బమ్ కోర్గన్ చేసింది కాదు. మేమిద్దరం కాగితం మీద కోసింది. అందులో వృథా ఎలా కనిపిస్తుంది? వృథా అనుకున్నవన్నీ మేమే ముందుగా తీసేశాం కదా.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు అసలు సీడీ కొనుక్కున్నాను. 'పోర్సెలీనా' మొదటిసారి అప్పుడు విన్నాను. ఆ పాట మొదలయ్యాక మాట రావడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. గిటార్ ఎక్కడో దూరం నుంచి, నీళ్ల కింద నుంచి వస్తున్నట్టు వస్తుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నిలబడితే ఏది నది నీరో ఏది సముద్రమో కాసేపు తెలియదు. ఆ పాట మొదటి భాగం నాకు అలాగే ఉంటుంది. ఇప్పటికీ ఆ బ్యాండ్ పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. పొడుగు ఎక్కువని మేము ముందుగా కొట్టేసిన పాట.

అందుకే 'పన్నెండు చాలు' అనే మాట నాకు మింగుడు పడదు. ఏ పన్నెండు?

ఇది ఊరికే అడగడం లేదు. నిజంగానే రాసిమ్మన్నాను. బావని, హైదరాబాద్‌లో ఉన్న మా హాస్టల్ స్నేహితుణ్ని, రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్న మేనకోడల్ని. నేనూ రాశాను. నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నలుగురిలోనూ ఉన్నవి రెండే పాటలు, 'బిగైల్డ్', 'స్పెల్‌బైండింగ్'. బావ జాబితాలో గిటార్లు గట్టిగా మోగేవే ఉన్నాయి. 'ఎంపైర్స్', 'మాస్', 'హార్మగెడాన్' అలాంటివి. స్నేహితుడు నెమ్మది పాటలు తీసుకున్నాడు. మేనకోడలు సింథ్ పాటలు, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు మోతలు ముందుండేవి, ఏరుకుంది. అందులో 'హుర్రే' కూడా ఉంది. తీర్థంలో రంగులరాట్నం దగ్గర వినిపించే పాటలా ఉండే ఆ 'హుర్రే'ని బావ భరించలేడు. అది రాగానే ఫోన్ వైపు చెయ్యి చాస్తాడు. కూతురు జాబితాలో దాన్ని చూసి రెండు రోజులు ఆ సంగతే మాట్లాడాడు.

కోసేవాళ్లందరూ 'మిగతావి అనవసరం' అనే మాట దగ్గర ఒకటే. ఆ మిగతావి ఏవో చెప్పమంటే మాత్రం ఎవరి దారి వాళ్లది. బావ చెప్పినట్టు కోస్తే మేనకోడలి ఆల్బమ్ ఉండదు. మేనకోడలు చెప్పినట్టు కోస్తే బావ రెండో రోజు వినడు.

దీనికి బావ దగ్గర జవాబు ఉంది, గట్టి జవాబే. దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. అది చెప్పాలంటే నాటకం సంగతి చెప్పాలి.

ఒపేరా అనే మాట వినగానే మా ప్రాంతం వాళ్లకి గుర్తొచ్చేది పద్యనాటకమే. సుబ్బారాయుడి షష్ఠి తీర్థాల్లో, అత్తిలిలోనైనా చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా, కురుక్షేత్రం నాటకం రాత్రి మొదలైతే తెల్లారేదాకా ఆడేవాళ్లు. చిన్నప్పుడు మా తాతయ్యతో వెళ్లి చాప పరుచుకుని కూర్చునేవాణ్ని. జనం మొత్తం నాటకం మేలుకుని చూసేవాళ్లు కాదు. మధ్యలో పడుకునేవాళ్లు. టీ తాగొచ్చేవాళ్లు. రాయబారం సీను వస్తోందనగానే పక్కవాడు తట్టి లేపేవాడు. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు, హార్మోనీ ఆయన మళ్లీ శ్రుతి అందుకునేవాడు, అదే పద్యం రాగం ఇంకొంచెం సాగదీసి మళ్లీ పాడేవాళ్లు. తాతయ్య నిద్రపోయిన సీన్ల గురించి ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. అవి తీసెయ్యమని కూడా అనలేదు. అవి ఉండబట్టే రాయబారం వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. అర్ధరాత్రి దాటిన రాయబారం వేరు, సాయంత్రం ఆరింటికి వేదికెక్కే రాయబారం వేరు.

ఆ చెరువు గట్టు మీద నేను బావకి ఇదే చెప్పాను. ముప్పై మూడు పాటల ఒపేరాలో అన్నీ వన్స్‌మోర్ కొట్టించుకునేవే ఉండనక్కర్లేదు, నడిపించే పాటలు కూడా కావాలి అన్నాను.

బావ కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత ఇలా అన్నాడు: "ఆ నాటకం కథ అందరికీ ముందే తెలుసురా. కృష్ణుడు ఎవరో, రాయబారం ఎందుకో, తర్వాత ఏమవుతుందో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. అందుకే పడుకున్నా పరవాలేదు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వచ్చినా ఎవడూ తడబడడు. ఈ షైనీ ఎవడో నాకేం తెలుసు? పాట మాటలు చూసినా తెలియట్లేదు. కథ తెలియనప్పుడు నడిపించే పాట ఎక్కడికి నడిపిస్తుంది?"

నాకు అప్పుడు జవాబు లేదు. రెండు వారాలు ఆలోచించాను. ఈ ఆల్బమ్ మీద అభిప్రాయాలు ఇంతగా చీలిపోవడానికి అసలు కారణం బావ ఆ మాటలో ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను. పాటలు మంచివా చెడ్డవా అనే తగువు దాని తర్వాతే.

తిరుపతి వేంకట కవులు పద్యాలు రాసేనాటికి కథ చెప్పే పని వాళ్లకి లేదు. భారతం ఊరి గుడి మెట్ల మీద, ఇంటి అరుగు మీద అప్పటికే ఉంది. వాళ్లు పద్యం మీద మనసు పెట్టగలిగారు. కోర్గన్‌కి ఆ వసతి లేదు. జీరో, గ్లాస్, షైనీ అనే మనిషి ఆయన సొంత కల్పన. పాత ఆల్బమ్ కొన్నవాళ్లు కూడా పాటలు విన్నారే తప్ప అందులో ఒక కథ ఉందని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అయినా కోర్గన్ ఊరుకోలేదు. 2022 సెప్టెంబరు నుంచి 'థర్టీ త్రీ' అని పాడ్‌కాస్ట్ నడిపాడు. వారానికి ఒక కొత్త పాట వినిపించి, కథలో అది ఎక్కడ వస్తుందో కూర్చుని చెప్పాడు.

ఇది మనకి తెలియని పద్ధతి కాదు. హరికథ ఇలాగే ఉంటుంది. దాసుగారు కీర్తన పాడి, చిడతలు ఆపి, కథ చెప్పి, పిట్టకథ చెప్పి, మళ్లీ పాట అందుకుంటారు. పాట ఒక్కటే తీసి క్యాసెట్టు చేస్తే సగం హరికథ కూడా ఉండదు. 'ఆటమ్' పాడ్‌కాస్ట్‌తో విన్నవాళ్లు హరికథ విన్నారు. నేను అలాగే విన్నాను, వారం వారం, నరసాపురం రేవులో పంటు కోసం ఎదురుచూసే అరగంటలో. అప్పట్లో ఉద్యోగం పని మీద వారానికి రెండుసార్లు సఖినేటిపల్లి వైపు దాటాల్సి వచ్చేది. ఒక పాట, దాని చుట్టూ మాటలు, అవతలి ఒడ్డు. ముప్పై మూడు ఎక్కువని నాకు ఎప్పుడూ అనిపించలేదు. బావకి మాత్రం ముప్పై మూడూ ఒకే రోజు, ఒకే వరసలో, మధ్యలో ఒక్క మాట లేకుండా ఫోన్లోకి దిగాయి. దాసుగారు రాని హరికథ విన్నాడు.

కాబట్టి మేమిద్దరం ఒకే ఆల్బమ్ గురించి వాదించుకోవడం లేదు. అది తెలిశాక బావ మీద కోపం పోయింది.

అయినా నింద మొత్తం వినేవాళ్ల మీద వెయ్యలేను. కథని ఆల్బమ్ బయట పెట్టడం కోర్గన్ తప్పు. ఇరవై ఏళ్ల తర్వాత వినే మనిషి పాడ్‌కాస్ట్ వెతుక్కుని వినాలనడం ధర్మం కాదు. ఇంకో తప్పు కూడా ఉంది, నాకు అన్నిటికంటే పెద్దగా అనిపించేది. డ్రమ్స్. జిమ్మీ చేంబర్లిన్ లాంటి వాయించేవాడు బ్యాండ్‌లో ఉన్నాడు. పాత పాటల్లో ఆయన దెబ్బలు వింటే పూనకం వచ్చినట్టుండేది. ఇందులో చాలాచోట్ల సింథ్ ముందు నిలబడి, డ్రమ్స్ గోడ అవతల నుంచి వినిపిస్తున్నట్టు ఉంటాయి. కోర్గన్ ఈ ఆల్బమ్‌ని తానే ప్రొడ్యూస్ చేసుకున్నాడు. 'మెలన్ కోలీ'కి ఫ్లడ్, ఆలన్ మౌల్డర్ అనే ఇద్దరు ప్రొడ్యూసర్లు పక్కన ఉన్నారు. ఇలా కాదు, ఇంకోసారి చేద్దాం అనగలిగే మనిషి ఇక్కడ కూడా పక్కన ఉండాల్సింది. పాటలు తగ్గించడానికి కాదు, ఉన్న పాటలకి ఒళ్లు రావడానికి. మూడో అంకంలో రెండు మూడు పాటలు ఒకే రకం సింథ్ రంగుతో వస్తాయి, ఏది ఏదో వెంటనే చెప్పలేం. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంత మాత్రాన ఆల్బమ్‌ని కొయ్యమనే మాట ఒప్పుకున్నట్టు కాదు. గోడకి సున్నం సరిగ్గా వెయ్యలేదని గది పడగొట్టం కదా.

ఈ బ్యాండ్ విషయంలో మేము ఇలా తొందరపడటం ఇది మొదటిసారి కూడా కాదు. 1998లో 'అడోర్' వచ్చింది. చేంబర్లిన్‌ని తీసేశాక చేసిన ఆల్బమ్. గిటార్లు తగ్గిపోయి, డ్రమ్ మెషీన్లు, పియానో వచ్చాయి. అది వినగానే హాస్టల్లో మేమందరం బ్యాండ్ అయిపోయిందని తీర్మానం చేసేశాం. నేను గట్టిగా తీర్మానం చేసినవాళ్లలో ఉన్నాను. పదేళ్లకి మా అమ్మ పోయింది. కోర్గన్ కూడా తల్లిని పోగొట్టుకున్నాకే ఆ ఆల్బమ్ చేశాడు. అందులో తల్లి గురించి ఒక పాట ఉంది. దినవారాలు అయ్యాక ఒక మధ్యాహ్నం ఆ ఆల్బమ్ మళ్లీ పెట్టాను. ఆ తర్వాత దాని గురించి నా నోటి నుంచి తక్కువ మాట రాలేదు. 'ఆటమ్' కూడా అందరికీ అలా అవుతుందని నేను చెప్పను. కొందరికి ఎప్పటికీ కాకపోవచ్చు. కానీ మొదటి నెలలో చెప్పిన తీర్పుకి అంత విలువ ఇవ్వడం నాకు అప్పటి నుంచీ పోయింది.

తర్వాత 2024 ఆగస్టులో 'అఘోరి మోరి మై' వచ్చింది. పేరు చూసి మా అక్క కూడా "అఘోరీలా?" అని ఆశ్చర్యపోయింది. పది పాటలే. గిటార్లు ముందుకొచ్చాయి. పాత శ్రోతలు అడిగినవన్నీ ఉన్నాయి. బావకి చాలా నచ్చింది, నాకూ నచ్చింది. ఫోన్ చేసి "అదీ లెక్క" అన్నాడు. ఆ ఆల్బమ్ గురించి మా మధ్య నడిచిన సంభాషణ అంతే. 'ఆటమ్' గురించి మాత్రం ఇప్పటికీ రాత్రి పదకొండింటికి చెరువు గట్టు మీద మాట్లాడుకుంటున్నాం.

మేనకోడలి సంగతి వేరు. దానికి 1995 లేదు. హాస్టల్ లేదు, క్యాసెట్టు లేదు. ఆ బ్యాండ్‌ని అది మొదటిసారి విన్నదే 'ఆటమ్'తో. కాలేజీ బస్సులో రోజుకి నాలుగైదు పాటల చొప్పున వారం రోజుల్లో పూర్తి చేసింది. గిటార్లు ఏమయ్యాయని అడగలేదు, ఎందుకంటే ఎక్కువ గిటార్లు ఉండాలని దానికెవరూ చెప్పలేదు. 'బటర్‌ఫ్లై స్వీట్' ఒక్కటే పాటలో మూడు నాలుగు పాటలున్నట్టు మారిపోతుంటే బావుందంది. కథ అర్థమైందా అని అడిగితే, "పూర్తిగా కాలేదు మావయ్యా, కానీ ఒకాయన ఒంటరిగా ఉన్నాడని మాత్రం తెలుస్తోంది" అంది. తర్వాత ముందు కథ ఎక్కడుందో అడిగి, పాత ఆల్బమ్ వినడం మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిది పాటలూ, ఏదీ వదలకుండా.

పోయిన శనివారం మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లాను. కాలువలు కట్టేసిన రోజులు. గాలి లేదు, గట్టు మీద ఉక్క. ఈసారి నేను ఒక షరతు పెట్టాను. మొదటి పాట నుంచి వరసగా వినాలి, ప్రతి అంకానికి ముందు కథ నేను చెబుతాను. బావ సరేనన్నాడు. షైనీ ఎవరో, ఎందుకు వెళ్లగొట్టారో నాకు తెలిసినంత చెప్పాను. మొదటి అంకం అయ్యాక బావ, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రేలు చూసి వచ్చాడు. రెండో అంకం మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేసి వచ్చి కూర్చున్నాడు. 'హుర్రే' అప్పటికే అయిపోయింది. అది వచ్చినప్పుడు మొహం చిట్లించుకున్నాడు కానీ ఫోన్ ముట్టుకోలేదు.

మూడున్నర ప్రాంతంలో మూడో అంకంలోకి వచ్చాం. 'సెనోటాఫ్' మొదలైంది. చాలా నెమ్మది పాట.

"ఇది నా పన్నెండులో లేదు" అన్నాడు బావ.

"తెలుసు బావా" అన్నాను.

టార్చి తీసుకుని నీళ్ల వైపు వెళ్లాడు. రొయ్యలు పైకి తేలుతున్నాయేమో చూడటానికి గట్టు వెంట నెమ్మదిగా నడుస్తూ, "వినపడట్లేదు, కొంచెం సౌండ్ పెంచు" అన్నాడు.